చిన్న క్యాబినెట్, ఆగని లోడ్: తిరుపతి ఎండలకి ఏది తట్టుకుంటుంది?

పది, పదకొండు లీటర్ల చిన్న కంప్యూటర్ క్యాబినెట్ మీద మనసు పడినవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. ప్రాసెసర్‌ని గంటల తరబడి నూటికి నూరు శాతం మీద నడిపే పని మీదైతే, క్యాబినెట్ ఎన్ని లీటర్లు అన్నది రెండో ప్రశ్న. అందులో ఎంత ఎత్తు కూలర్ పడుతుంది, ఆ కూలర్‌కి బయటి గాలి నేరుగా అందుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఈ రెండూ సరిగ్గా ఉంటే పద్దెనిమిది లీటర్ల పెట్టెలో పదహారు కోర్ల (ఒకేసారి పనిచేసే భాగాల) ప్రాసెసర్ కూడా హాయిగా పనిచేస్తుంది. అవి లేకపోతే ఎంత ఖరీదైన అల్యూమినియం క్యాబినెట్ తెచ్చుకున్నా మే నెలలో అది మీరు కొన్న వేగాన్ని మీకు ఇవ్వదు.

ఆగని లోడ్ అంటే ఏంటో ముందు తేల్చుకుందాం. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ ఎప్పుడూ పూర్తి బలంతో నడవదు, అక్కడ వేడంతా గ్రాఫిక్స్ కార్డుదే. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ మీద రెండర్, వీడియోని కుదించే ఎక్స్265లో నాలుగు గంటల పెళ్లి వీడియో ఎన్‌కోడ్, గాలి, నీళ్ల ప్రవాహాల్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సిమ్యులేషన్, పెద్ద కోడ్ కంపైల్, ఇవి అలా కాదు, అన్ని కోర్లూ ఒకేసారి మొదలై పని అయ్యేదాకా దిగవు. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్ష మామూలుగా పది నిమిషాలు నడుస్తుంది, ఎయిర్ కూలర్ అసలు రంగు తెలియడానికి ఆ పది నిమిషాలు ఇంచుమించు చాలు. లిక్విడ్ కూలర్ అయితే అందులోని నీళ్లు పూర్తిగా వేడెక్కడానికే పావుగంట, అరగంట పడుతుంది, కాబట్టి పది నిమిషాల పరీక్షలో అది ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది. రివ్యూ చూసేటప్పుడు ఎంతసేపు నడిపారో వెతకండి. రెండు నిమిషాల నంబరు మీ పనికి పనికిరాదు.

ఇంకొకటి, ఆ రివ్యూలు చేసిన గది. ఎక్కువ భాగం రివ్యూలు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేస్తారు. మన దగ్గర ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా మధ్యాహ్నం 40 దాటడం మామూలే, పైన స్లాబ్ ఉన్న చివరి అంతస్తు గది అయితే రాత్రి పదకొండైనా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. లెక్క చాలా సులువు. కూలర్ ప్రాసెసర్‌ని చల్లగా చేయదు, చుట్టూ ఉన్న గాలికంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువలో నిలబెడుతుంది, అంతే. 22 డిగ్రీల గదిలో 78 చూపించిన బిల్డ్, అదే లోడ్, అదే ఫ్యాన్ వేగం మీద మీ 38 డిగ్రీల గదిలో 94 దగ్గర కూర్చుంటుంది. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరసలో చాలా ప్రాసెసర్లకి 95 డిగ్రీలు హద్దు, ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు, టెన్షన్ పడక్కర్లేదు, కానీ మీరు డబ్బులు పెట్టి కొన్న వేగంలో కొంత పోతుంది. పైగా ఫ్యాన్ల హోరు.

అందుకే రివ్యూలో కనిపించే ప్రతి టెంపరేచర్‌కీ కనీసం పదిహేను కలిపి చదువుకోండి. ఏసీ గదిలో నడిపేవాళ్లకి ఈ బాధ చాలావరకు ఉండదు. ఒక టన్ను ఏసీ మూడున్నర కిలోవాట్ల వేడిని బయటికి తోస్తుంది, మీ కంప్యూటర్ ఇచ్చే మూడొందల వాట్లు దానికి లెక్కే కాదు. ఏసీ లేని పది బై పది గదిలో మాత్రం ఆ మూడొందల వాట్లూ గదిలోనే ఉండిపోతాయి. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది, క్యాబినెట్ ఏదైనా సరే. తలుపులు మూసి రాత్రంతా రెండర్ పెడితే తెల్లారేసరికి గది మూడు నాలుగు డిగ్రీలు ఎక్కి ఉంటుంది, అది కూడా ప్రాసెసర్ టెంపరేచర్‌కి కలుస్తుంది. కిటికీ తెరిచి పెట్టడం ఒక కొత్త ఫ్యాన్ కొన్నంత లాభం.

కొనే ముందు ఇంకో చిన్న పని చేయండి. మీ పని నిజంగా ప్రాసెసర్ మీదే నడుస్తోందా అని టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఎడిటింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఎక్స్‌పోర్ట్ గ్రాఫిక్స్ కార్డు మీద జరుగుతుంటుంది, ప్రాసెసర్ నలభై శాతం దగ్గర ఊరికే ఉంటుంది. అలాంటివాళ్లకి ఈ సలహా సగమే వర్తిస్తుంది. నేను రాస్తున్నది ప్రాసెసర్ గ్రాఫ్ పైకి అంటుకుపోయి గంటలు గంటలు కదలనివాళ్ల కోసం.

పది లీటర్ల శాండ్‌విచ్ క్యాబినెట్లు

మదర్‌బోర్డు ఒక పక్క, గ్రాఫిక్స్ కార్డు ఇంకో పక్క, మధ్యలో ఒక గోడ, రెండిటినీ కలుపుతూ రైజర్ కేబుల్. ఫ్రాక్టల్ టెరా ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు, 10.4 లీటర్లు, చెక్క పట్టీతో చూడ్డానికి చాలా బాగుంటుంది. దీంట్లో మధ్య గోడని అటూ ఇటూ జరపొచ్చు, దాన్నిబట్టి కూలర్‌కి 48 నుంచి 77 మిల్లీమీటర్ల ఎత్తు దొరుకుతుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడితే కూలర్ వైపు 48కి దిగుతుంది, అక్కడ థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 లాంటి 47 మిల్లీమీటర్ల చిట్టి కూలరే గతి. గ్రాఫిక్స్ కార్డు అసలు లేకపోతే గోడని పూర్తిగా జరిపేసి 77 తెచ్చుకోవచ్చు, నాక్చువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్‌ఎక్స్77 ఎత్తు కూడా సరిగ్గా అంతే, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో వస్తుంది.

ఈ రకంలో ఒక మంచి గుణం ఉంది, చాలామంది గమనించరు. కూలర్ పక్క ప్యానెల్‌కి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి బయటి గాలినే నేరుగా లాక్కుంటుంది, లోపల తిరిగిన వేడి గాలిని కాదు. ఆ పక్కని గోడకి ఆనించి పెట్టకపోతే చాలు. ఫ్యాన్‌కీ ప్యానెల్‌కీ మధ్య సందు మిగిలితే చుట్టూ ఫోమ్ స్ట్రిప్ అంటించండి, లోపలి వేడి గాలి మళ్లీ ఫ్యాన్‌లోకి రాకుండా ఆగుతుంది. మామూలు ఫోమ్ టేప్ సరిపోతుంది.

అయినా సరే, ఏసీ లేని గదిలో ఆగని లోడ్‌కి నేను దీన్ని ఎవరికీ చెప్పను. ఎత్తు తక్కువ కూలర్‌లో ఫిన్లు (వేడిని గాలికి వదిలే పల్చటి రేకులు) తక్కువ, ఎంత మంచి కంపెనీ అయినా ఆ హద్దు దాటలేదు. నా అంచనాలో టెరా లాంటి దాంట్లో మన ఎండాకాలంలో హాయిగా నడిచేది 88 వాట్ల దాకా, అంటే రైజెన్ 9 7900, రైజెన్ 7 7700 లాంటి 65 వాట్ల ముద్ర ఉన్న ప్రాసెసర్లు. వాటిని డబ్బా మీద 65 అని అమ్మినా అసలు తాగే హద్దు 88. ఇంకో సంగతి, ప్రాసెసర్ పని మాత్రమే చేసేవాళ్లు శాండ్‌విచ్ కొంటే సగం పెట్టెని లేని గ్రాఫిక్స్ కార్డు కోసం కొన్నట్టే. పన్నెండు కోర్ల 7900తో కోడ్ కంపైల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, టేబుల్ మీద అందంగా ఉండాలనుకునేవాళ్లకి, ఇది బాగానే ఉంటుంది. రాత్రంతా సిమ్యులేషన్ వేసేవాళ్లకి కాదు.

లిక్విడ్ కూలర్ పట్టే పదకొండు లీటర్లు

లియాన్ లీ ఏ4-హెచ్2ఓ. పేరులోనే చెప్పినట్టు దీన్ని 240 మిల్లీమీటర్ల ఏఐఓ (పంపు, పైపులు, రేడియేటర్ అన్నీ కలిపి సీల్ చేసి వచ్చే) లిక్విడ్ కూలర్ చుట్టూ కట్టారు, 11 లీటర్లు. ఎయిర్ కూలర్ పెట్టాలంటే 55 మిల్లీమీటర్లే పడుతుంది, కాబట్టి దీన్ని కొంటే లిక్విడ్‌కి సిద్ధపడాల్సిందే. రేడియేటర్ పైన కూర్చుంటుంది, గాలి పైనుంచి బయటికి పోతుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టి రెండిటినీ కలిపి దంచితే కార్డు వదిలిన వేడి గాలినే రేడియేటర్ మింగాలి, అక్కడ టెంపరేచర్లు బాగా చెడతాయి. కార్డు లేకుండా ప్రాసెసర్ ఒక్కటే అయితే ఆ బాధ పోతుంది, పదకొండు లీటర్లలో ప్రాసెసర్‌కి ఇంతకంటే ఎక్కువ వాట్లు దొరకడం కష్టం.

మరి దీన్నే కొనమని ఎందుకు చెప్పడం లేదంటే, కారణం నీళ్ల టెంపరేచర్. ఏఐఓలలో నీళ్లకి 60 డిగ్రీలు హద్దు అని చాలా కంపెనీలు రాస్తాయి, దాటితే పంపు, పైపులు త్వరగా పాడవుతాయి. 240 రేడియేటర్ మీద రెండొందల వాట్లు గంటసేపు పోస్తే నీళ్లు లోపలికొచ్చే గాలికంటే పదిహేను ఇరవై డిగ్రీలు పైకి పోతాయి. చల్లటి దేశంలో అది 40. మన దగ్గర మే మధ్యాహ్నం 55, 60. రోజూ ఆ హద్దు దగ్గర నడిపే యంత్రం ఎంతకాలం వస్తుందో ఆలోచించుకోండి. ఏఐఓలో నీళ్లు పైపుల గుండా ఏళ్ల మీద కొంచెం కొంచెం ఆవిరవుతాయి, వేడి పెరిగితే అది ఇంకా త్వరగా జరుగుతుంది, పంపు ఆగిపోతే ప్రాసెసర్ చల్లారడానికి వేరే దారే లేదు. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, తిరుపతిలోనే సాయంత్రానికి కొత్తది తెచ్చి బిగించుకోవచ్చు. ప్రాసెసర్‌కి 142 వాట్ల హద్దు పెట్టుకుని (ఎలాగో కింద చెప్తాను) నడిపేవాళ్లకి ఏ4 మంచిదే, అంతకు మించి తోయకండి.

బిల్డ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త: ఏ క్యాబినెట్‌లో అయినా ఏఐఓ పంపు మొత్తం లూప్‌లో అన్నిటికంటే పైన ఉండకూడదు, లోపలున్న గాలి బుడగ అక్కడ చేరి పంపు గరగరలాడుతుంది, అరిగిపోతుంది. ఏ4లో రేడియేటర్ పైనే కాబట్టి ఇబ్బంది లేదు. పక్కన నిలువుగా రేడియేటర్ పెట్టే క్యాబినెట్లలో చూసుకోవాలి.

పద్దెనిమిది లీటర్లు, టవర్ కూలర్

ఇక్కడికొచ్చేసరికి నా మనసు కుదుటపడుతుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 వచ్చింది 2020లో, ఈ పనికి ఇప్పటికీ దాన్నే మొదట చెప్తాను. 185 మిల్లీమీటర్ల వెడల్పు, 155 మిల్లీమీటర్ల ఎత్తు కూలర్ పడుతుంది. ఆ 155 అనేదే కీలకం, ఎందుకంటే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ సరిగ్గా 155, ఫ్యాంటమ్ స్పిరిట్ 120 ఎస్‌ఈ 154. రెండూ రెండు టవర్లు (నిలువుగా నిలబడే ఫిన్ల దొంతరలు), రెండు 120 ఫ్యాన్లు ఉన్న పెద్ద కూలర్లు, ధర మాత్రం చిన్న ఏఐఓ కంటే తక్కువ. పెద్ద క్యాబినెట్లలో వాడే కూలరే ఇక్కడా పడుతుందంటే చిన్న క్యాబినెట్ కోసం మీరు వదులుకునేది చాలా తక్కువ.

గాలి దారి కూడా సూటిగా ఉంటుంది. కింద రెండు 120 ఫ్యాన్లు లోపలికి, పైన రెండు బయటికి, మధ్యలో కూలర్. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కింది గాలి ఏ అడ్డూ లేకుండా నేరుగా కూలర్‌కీ, మదర్‌బోర్డుకీ తగులుతుంది. ఎంత గాలి కావాలో ఒక చిన్న లెక్క చెప్తాను. రెండొందల వాట్ల వేడిని, క్యాబినెట్ లోపలి గాలి బయటికంటే పది డిగ్రీలకి మించి వేడెక్కకుండా, బయటికి తోయాలంటే నిమిషానికి సుమారు ఒక ఘనమీటరు గాలి లోపలికొచ్చి బయటికి పోవాలి. మంచి 120 ఫ్యాన్ ఖాళీ గాలిలో పూర్తి వేగం మీద నిమిషానికి ఒకటిన్నర ఘనమీటర్ల పైనే ఇస్తుంది, కానీ ముందు ఫిల్టరు, జాలీ, వెనక ఫిన్లు అడ్డొస్తే అందులో సగం రావడం కూడా గొప్పే. అంటే రెండొందల వాట్లకి ఒక్క ఫ్యాన్ చాలదు, రెండు కావాలి, నెమ్మదిగా చప్పుడు లేకుండా తిప్పాలంటే నాలుగు. పది లీటర్ల పెట్టెలో నాలుగు ఫ్యాన్లకి చోటెక్కడిది? తేడా అంతా అక్కడే ఉంది.

గ్లాస్ ప్యానెల్ జోలికి పోకండి. ఎన్‌ఆర్200పీతో గ్లాస్, రంధ్రాల స్టీల్ ప్యానెల్ రెండూ వస్తాయి, గ్లాస్‌ని అట్టపెట్టెలోనే ఉంచేసి స్టీల్ బిగించండి. ముందర గ్లాస్ పెట్టి వెనక మంచి ఫ్యాన్ పెట్టుకోవడం, కిటికీలు మూసిన గదిలో పంకా వేసుకున్నట్టే. 280 ఏఐఓ, 850 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) ముందే బిగించి ఇచ్చే ఎన్‌ఆర్200పీ మ్యాక్స్ కూడా ఉంది, బిల్డ్ చేసే ఓపిక లేనివాళ్లకి సులువు, కానీ పైన నీళ్ల గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

ఇందులో మన ఎండకి, ఏసీ లేకుండా, 142 వాట్లు ఏ దిగులూ లేకుండా నడుస్తాయి. రైజెన్ 9 7950ఎక్స్‌ని 105 వాట్ల ఎకో మోడ్‌లో (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్‌లో) పెడితే అసలు హద్దు సరిగ్గా ఆ 142. ఏసీ ఉంటే ఇంకా పైకి వెళ్లొచ్చు.

మైక్రో ఏటీఎక్స్‌ని ఎందుకు వదిలేస్తున్నారు?

మినీ ఐటీఎక్స్, మైక్రో ఏటీఎక్స్ అనేవి మదర్‌బోర్డు సైజులు, మొదటిది చిన్నది, రెండోది కొంచెం పెద్దది. చిన్న క్యాబినెట్ అనగానే అందరూ మినీ ఐటీఎక్స్ దగ్గరే ఆగిపోతారు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. లియాన్ లీ, డాన్ అనే రెండు కంపెనీలు కలిసి చేసిన ఏ3 అనే క్యాబినెట్ 26.3 లీటర్లు, మైక్రో ఏటీఎక్స్ బోర్డు పడుతుంది, 165 మిల్లీమీటర్ల కూలర్ పడుతుంది, 360 రేడియేటర్ కూడా పడుతుంది. దీని వెడల్పు 194 మిల్లీమీటర్లు, ఎన్‌ఆర్200 కంటే తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ. టేబుల్ మీద మీ కంటికి ఆ తేడా తెలియదు, వెనక్కి మాత్రం కొంచెం పొడవు. ఆసుస్ ప్రైమ్ ఏపీ201 ఇంకొంచెం పెద్దది, 33 లీటర్లు, 170 మిల్లీమీటర్ల కూలర్, చుట్టూ జాలీయే.

ఇక డబ్బు సంగతి. మినీ ఐటీఎక్స్ బోర్డు అదే చిప్‌సెట్ మైక్రో ఏటీఎక్స్ బోర్డు కంటే బాగా ఎక్కువ, ఎస్‌ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు ఎస్‌ఎమ్‌పీఎస్ అదే వాట్ల మామూలు ఎస్‌ఎమ్‌పీఎస్ కంటే ఎక్కువ, చిన్న క్యాబినెట్ కూడా చవకేం కాదు. ఈ మూడూ కలిస్తే వేలల్లో తేడా వస్తుంది. ఆ డబ్బుతో ఎనిమిది కోర్ల బదులు పన్నెండు కోర్ల ప్రాసెసర్ రావచ్చు. రెండర్ కోసం, సిమ్యులేషన్ కోసం కొనేవాళ్లకి ఆ నాలుగు కోర్లే ముఖ్యం.

ర్యామ్ విషయంలో మాత్రం మైక్రో ఏటీఎక్స్‌కి అనుకున్నంత లాభం లేదు. నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నాలుగు డీడీఆర్5 స్టిక్స్ పెడితే రైజెన్ 7000లో అధికారిక వేగం 3600కి పడిపోతుంది, రెండు పెడితే 5200. సిమ్యులేషన్లలో చాలావాటికి ర్యామ్ వేగం ముఖ్యం. రెండు 48 జీబీ స్టిక్స్‌తో 96 జీబీ వస్తుంది, అది ఐటీఎక్స్ బోర్డులోనూ పడుతుంది.

బస్సులో మోసుకెళ్లే అవసరం లేకపోతే, పెట్టె టేబుల్ కిందో పక్కనో ఒకే చోట ఉండేదైతే, నేను ఏ3కే ఓటేస్తాను. ఏసీ లేని గదిలో రెండొందల వాట్ల దగ్గర రోజంతా నడపాలంటే ఈ సైజు నుంచే మొదలుపెట్టండి.

మినీ పీసీల గురించి ఒక్క మాట. అరచేతిలో పట్టే ఆ పెట్టెల్లో ఉండేవి ఎక్కువగా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు, చిన్న ఫ్యాన్. ఆఫీసు పనికి, కోడింగ్‌కి బాగుంటాయి. పది గంటల లోడ్‌కి వద్దు.

వాట్లకి కళ్లెం వేయండి

క్యాబినెట్ ఎంత ముఖ్యమో బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్‌లలో) పెట్టే హద్దు కూడా అంతే ముఖ్యం, నిజానికి చిన్న క్యాబినెట్‌లో ఇదే ఎక్కువ పని చేస్తుంది. రైజెన్ 9 7950ఎక్స్ వదిలేస్తే 230 వాట్ల దాకా తాగుతుంది. కోర్ ఐ9-14900కే అయితే ఇంటెల్ చెప్పిన హద్దే 253, కొన్ని బోర్డులు మొదటి నుంచీ ఆ హద్దు కూడా తీసేసి ఇచ్చేవి. కానీ ఆ చివరి వంద వాట్లకి వచ్చే వేగం చాలా కొద్ది. 7950ఎక్స్‌ని 142కి దించితే అన్ని కోర్ల పనిలో సుమారుగా పది శాతం లోపే తగ్గుతుంది, వేడి మాత్రం మూడో వంతు పైగా తగ్గిపోతుంది. 88కి దించినా ఇంచుమించు మూడొంతులు మిగులుతుంది. గంటల తరబడి నడిపేవాళ్లకి ఇంతకంటే మంచి బేరం లేదు, కరెంటు బిల్లు కూడా దిగుతుంది. ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎకో మోడ్ అని ఉంటుంది, లేదా పీపీటీ (ప్రాసెసర్ తాగే వాట్ల హద్దు) దగ్గర నంబరు వేయొచ్చు. ఇంటెల్‌లో పీఎల్1 (ఎక్కువసేపు నడిచే హద్దు), పీఎల్2 (కొద్దిసేపటి హద్దు) రెండూ ఒకే నంబరు పెట్టండి, ఆగని లోడ్‌లో అసలు పాలించేది పీఎల్1.

ఇంటెల్ 13, 14 తరాల, పేరు చివర కే ఉన్న ప్రాసెసర్లు వాడేవాళ్లు బయాస్ తప్పకుండా కొత్తది వేసుకోండి. వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్లు దెబ్బతినే సమస్యకి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) దిద్దుబాట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. పాత బయాస్‌తో రోజంతా లోడ్ వేయడం ప్రాసెసర్‌కి మంచిది కాదు.

ప్రాసెసర్ ఒక్కటే చూసి మిగతావి మరిచిపోకండి. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎమ్ భాగం కూడా ఆగని లోడ్‌లో బాగా కాలుతుంది. ఎయిర్ కూలర్ ఉంటే ఆ గాలి కొంత దానికీ తగులుతుంది, ఏఐఓ పెడితే అక్కడ గాలే ఉండదు, వేరే ఫ్యాన్ చూసుకోవాలి. ఐటీఎక్స్ బోర్డుల్లో రెండో ఎస్‌ఎస్‌డీ స్లాట్ చాలాసార్లు బోర్డు వెనక ఉంటుంది, గాలి అందదు, రాత్రంతా రాసే ఫైళ్లు అందులో పెట్టకండి. ఎస్‌ఎఫ్ఎక్స్ ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఫ్యాన్ చిన్నది, 92 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి మీకు మూడొందల వాట్లు కావాలంటే 600 లేదా 650 తీసుకోండి, సగం లోడ్‌లో అది నెమ్మదిగా తిరుగుతుంది.

దుమ్ము, బల్లులు, కరెంటు కోతలు

తిరుపతిలో రోడ్డు పక్క ఇళ్లలో, చిత్తూరు వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లకి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. జాలీ క్యాబినెట్‌లో గాలి ఎంత బాగా వస్తుందో దుమ్ము కూడా అంతే వస్తుంది. ఫిల్టర్ ఉన్న క్యాబినెట్టే కొనండి, అది చేత్తో లాగగానే ఊడొచ్చేలా ఉండాలి, స్క్రూలు విప్పాలంటే ఎవరూ కడగరు. లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి తోసేవాటికంటే కొంచెం ఎక్కువ వేగంగా తిరిగేలా పెడితే గాలి ఫిల్టర్ గుండానే వస్తుంది, సందుల్లోంచి దూరదు. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టర్ దులపండి. పెట్టెని నేల మీద పెట్టకండి, ఒక చిన్న స్టూల్ ఎత్తు చాలు, ఎన్‌ఆర్200 లాంటి కిందనుంచి గాలి తీసుకునేవాటికి ఇది మరీ ముఖ్యం. దేవుడి గది పక్కనే పెట్టేవాళ్లు అగరుబత్తి పొగకి దూరంగా జరపండి, ఆ జిడ్డు ఫిన్లకి పట్టి దుమ్ముని వదలదు.

వెనక పీసీఐ స్లాట్ల మూతలు గాలి కోసం తీసేసి వదిలే అలవాటు కొందరికి ఉంది. మన ఇళ్లలో అది వద్దు. వెచ్చగా ఉంటుందని బల్లి దూరితే బోర్డు షార్ట్ అవుతుంది. రంధ్రాల మూతలు దొరుకుతాయి, అవి వేసుకోండి.

కరెంటు కోత గురించి, 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్ల దాకా మోస్తుంది. 142 వాట్ల హద్దు పెట్టుకున్న, గ్రాఫిక్స్ కార్డు లేని బిల్డ్ గోడ దగ్గర రెండొందల పైచిలుకే లాగుతుంది కాబట్టి మానిటర్‌తో కలిపి సరిపోతుంది, కొద్ది నిమిషాలు మాత్రమే. హద్దు లేకుండా వదిలేసిన ఐ9 అయితే ఆ యూపీఎస్ హద్దుకి దగ్గరగా పోతుంది, దాటనూ వచ్చు. రాత్రి సిమ్యులేషన్ వేసేవాళ్లు గంటకోసారి చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పని) సేవ్ అయ్యేలా పెట్టుకోండి, యూపీఎస్ ఎంత పెద్దదైనా సరే.

ఎవరికి ఏది

ఏర్పేడు ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండి సొంత మెషీన్ మీద సిమ్యులేషన్ వేసే రీసెర్చ్ స్కాలర్‌కి: గది చిన్నది, ఏసీ ఉండకపోవచ్చు, రెండు మూడేళ్లలో ఊరు మారాలి. ఎన్‌ఆర్200, టవర్ కూలర్, 142 వాట్ల హద్దు. గ్రాఫిక్స్ కార్డు కొనకండి, రైజెన్ 7000లో దాదాపు అన్నిట్లోనూ చిన్న గ్రాఫిక్స్ ఉంది, ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

పెళ్లి వీడియోలు చేసేవాళ్ల పరిస్థితి వేరు. ముహూర్తాల సీజన్‌లో రోజుకో కల్యాణ మండపం, కొందరు అక్కడికక్కడే ఎడిట్ చేసి సాయంత్రం రిసెప్షన్‌లో స్క్రీన్ మీద వేస్తున్నారు. మండపానికి మోసుకెళ్లే మెషీన్ అయితే లోపల బరువైన టవర్ కూలర్ వద్దు, తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ఆ బరువంతా మదర్‌బోర్డు మీద వేలాడుతుంది. అలాంటివాళ్లకి టెరా గానీ ఏ4 గానీ నప్పుతాయి, హద్దు 88 లేదా 142. స్టూడియోలో రాత్రంతా ఎన్‌కోడ్ చేసే మెషీన్ అయితే ఏ3 లేదా ఏపీ201, రెండో ఆలోచన లేకుండా. రెండు పనులూ ఒకే పెట్టెతో చేయాలంటే ఎన్‌ఆర్200 తీసుకుని, ప్రయాణానికి ముందు కూలర్ చుట్టూ ఫోమ్ నింపి, అక్కడికెళ్లాక ఆన్ చేసే ముందు అది తీసేయండి.

ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్‌వాళ్లకి కంపైల్ లోడ్ వస్తుంది, పోతుంది, గంటలు గంటలు ఉండదు. వాళ్లకి ఏదైనా పర్వాలేదు, చూడ్డానికి నచ్చింది కొనుక్కోవచ్చు.

కొనడానికి చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్‌కో వెళ్లేవాళ్లు క్యాబినెట్, కూలర్, ర్యామ్ మూడూ ఒకే చోట కొని, ఆ షాపులోనే కూలర్‌ని పెట్టి సైడ్ ప్యానెల్ మూసి చూడమనండి. 155కి 155 అని కాగితం మీద ఉన్నా, ఎత్తైన ఆర్‌జీబీ ర్యామ్ కొంటే ముందు ఫ్యాన్ పైకి జరిగి ప్యానెల్ మూసుకోదు. ఎత్తు తక్కువ ర్యామ్ తీసుకోండి. ఇంటికొచ్చాక మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, ఏసీ ఆపేసి, మీరు రోజూ చేసే అసలు పనినే గంటసేపు నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చివరి పావుగంట క్లాక్ వేగం (ప్రాసెసర్ నడిచే వేగం) చూడండి, మొదటి ఐదు నిమిషాల వేగంతో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ హద్దు సరిగ్గా ఉంది. తగ్గుతూ పోతుంటే పది వాట్ల చొప్పున దించి మళ్లీ నడపండి, వేగం ఒకచోట నిలబడే దాకా. నవంబరు వర్షాల్లో పరీక్ష చేసి బాగుందనుకున్నవాళ్లు ఏప్రిల్‌లో ఇంకోసారి చేసుకోవాలి.